కొత్త కంప్యూటర్‌లో డిస్క్ పంపకం: ప్రతి పార్టిషన్‌కీ ఒక కారణం ఉండాలి

(ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఏర్పాటైన లినక్స్ ఇన్‌స్టాలేషన్ వర్క్‌షాప్ మొదట్లో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు కాసేపు వాటిని మూసే ఉంచండి. పెన్ డ్రైవ్ ఇంకా పెట్టకండి. ముందు ఒక కాగితం, పెన్ను తీయండి. ఈ గంటలో మనం చేసే పనంతా ఆ కాగితం మీదే.

ఈ రోజు మీ విండోస్‌ను అలాగే ఉంచి, దాని పక్కన లినక్స్ వేస్తాం. ఓఎస్, అంటే విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, వేసేటప్పుడు ఇన్‌స్టాలర్ చాలా ప్రశ్నలు అడుగుతుంది. ఏ భాష, ఏ కీబోర్డు, ఏ టైమ్ జోన్, యూజర్ పేరు ఏంటి. వీటిలో ఏది తప్పుగా నొక్కినా తర్వాత సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఒక్క స్క్రీన్ మాత్రం అలాంటిది కాదు. డిస్క్‌ను ఎలా పంచాలి అని అడిగే స్క్రీన్ అది. అక్కడ ఒప్పుకుని ముందుకెళ్లాక బ్యాక్ బటన్ పనిచేయదు. మీ అక్క పెళ్లి ఫొటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, మీ ప్రాజెక్టు కోడ్ అన్నీ ఆ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి. అందుకే మిగతా స్క్రీన్లన్నీ వదిలేసి దీని గురించే మాట్లాడతాను.

ముందు మనందరికీ అలవాటైన పద్ధతి చూద్దాం. కంప్యూటర్ కొంటే షాపులో అబ్బాయి సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసి ఇస్తాడు. సీలో విండోస్, డీలో సినిమాలు, ఈలో పాటలు, ఎఫ్‌లో 'పర్సనల్'. ఎందుకు నాలుగు అని ఎవరూ అడగరు. అందరి ఇళ్లలో అలాగే ఉంటుంది కాబట్టి మన ఇంట్లోనూ అలాగే ఉండాలి అనుకుంటాం.

నాలుగు ముక్కలు చేయడానికి ఒకప్పుడు చాలా గట్టి కారణం ఉండేది. విండోస్ 95 మొదటి వెర్షన్ ఫ్యాట్16 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) మీద నడిచేది. అందులో ఒక్క పార్టిషన్, అంటే ఒక ముక్క, 2 జీబీకి మించకూడదు. మీరు 8 జీబీ డిస్క్ కొంటే నాలుగు ముక్కలు చేయక తప్పదు. పైగా ఫ్యాట్16 పార్టిషన్ 1 జీబీ దాటితే అందులో ఒక్కో క్లస్టర్, అంటే ఒక ఫైల్‌కు ఇచ్చే కనీస చోటు, 32 కేబీ అయిపోయేది. అంటే 1 కేబీ ఉన్న చిన్న ఉత్తరం దాచినా డిస్క్ మీద 32 కేబీ పోయేది. ముక్క చిన్నదైతే క్లస్టర్ చిన్నది, వృథా తక్కువ. కాబట్టి ఆ రోజుల్లో డిస్క్‌ను విడగొట్టినవాళ్లు లెక్క తెలిసి విడగొట్టారు. 1996లో ఫ్యాట్32 వచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఎన్‌టీఎఫ్ఎస్ మామూలు ఇళ్లలోకి వచ్చింది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో 16 టీబీ వరకూ క్లస్టర్ 4 కేబీయే. కారణం అప్పుడే పోయింది. నాలుగు డ్రైవ్‌ల పద్ధతి మాత్రం ఇంకా మన షాపుల్లో ఉంది.

రెండో కారణం ఒకటి చెబుతారు. సీ డ్రైవ్ ముందు ఉంటే వేగంగా ఉంటుందని. ఇది కూడా తిరిగే హార్డ్ డిస్క్‌లకు నిజమే. ఆ పళ్లెం అంచున ఉన్న ట్రాక్ పొడవు ఎక్కువ. ఒక చుట్టు తిరిగేలోపు చదివే తల (హెడ్) కింద నుంచి ఎక్కువ డేటా వెళుతుంది. డిస్క్ మొదటి భాగం ఆ అంచునే ఉంటుంది. లోపలి ట్రాక్‌లకు వచ్చేసరికి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. కానీ మీ ల్యాప్‌టాప్‌లలో ఉన్నది ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేది ఏదీ లేదు. మీరు ఇది మొదటి పార్టిషన్, ఇది రెండో పార్టిషన్ అని గీసుకున్నా, లోపలున్న కంట్రోలర్ తన వీలును బట్టి డేటాను అన్ని చిప్‌లలోకీ చల్లేస్తుంది. అక్కడ ముందూ వెనకా అనేది లేదు.

మూడో కారణం: సీ ఫార్మాట్ కొట్టినా డీలో డేటా భద్రంగా ఉంటుంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి నష్టపోయేవాళ్లే ఎక్కువ. మీ ముఖ్యమైన ఫైళ్లు నిజంగా ఎక్కడున్నాయి? డెస్క్‌టాప్ మీద. డౌన్‌లోడ్స్‌లో. డాక్యుమెంట్స్‌లో. ఆ మూడూ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. డీ డ్రైవ్‌లో సినిమాలు ఉంటాయి. అంటే మళ్లీ ఎక్కడైనా దొరికేవాటిని డీలో దాచి, ఎక్కడా దొరకనివాటిని సీలో ఉంచుతున్నాం. ఇంకోటి, సీ, డీ రెండూ ఒకే డిస్క్. ఆ డిస్క్ చెడిపోతే రెండూ ఒకేసారి పోతాయి. వేరే పార్టిషన్‌లో ఉన్న కాపీని బ్యాకప్ అనకండి. ఆ డిస్క్ బయట ఇంకోచోట ఉన్నదే బ్యాకప్.

కాబట్టి కాగితం మీద మొదటి గీత గీసే ముందు నేను అడిగేది ఒక్కటే. ఈ ముక్క ఎందుకు అని అడిగితే ఒక వాక్యంలో జవాబు చెప్పగలగాలి. జవాబు లేకపోతే ఆ ముక్క వద్దు.

ఇప్పుడు డిస్క్ మీద ఈ హద్దులు ఎక్కడ రాసి ఉంటాయో చూద్దాం. పార్టిషన్ అంటే డిస్క్‌ను నిజంగా కోయడం కాదు. డిస్క్‌లో సెక్టార్లు అనే వరుస నంబర్ల చిన్న భాగాలు ఉంటాయి. డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఫలానా సెక్టార్ నుంచి ఫలానా సెక్టార్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి అని అందులో రాసి ఉంటుంది. మన ఊళ్లలో పహాణీ లాంటిది, ఆంధ్ర వైపు అడంగల్ అంటారు. రికార్డులో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పైరు మాయం కాదు. కానీ ఆ పొలం ఎవరిదో చెప్పే ఆధారం పోతుంది.

పాత పట్టిక పేరు ఎంబీఆర్. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0 వచ్చినప్పటిది. ఆ ఎక్స్‌టీలో హార్డ్ డిస్క్ 10 ఎంబీ. మొత్తం 512 బైట్ల సెక్టార్‌లో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి, 64ను 16తో భాగిస్తే నాలుగు. నాలుగు పార్టిషన్లే ఎందుకు అంటే సమాధానం ఈ భాగహారమే. నాలుగు చాలక ఎక్స్‌టెండెడ్, అందులో లాజికల్ అనే ఏర్పాటు వచ్చింది. పాత లినక్స్ మెషీన్లలో ఎస్‌డీఏ1 పక్కన ఎస్‌డీఏ5 కనిపిస్తే కంగారు పడకండి. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు ఆ నాలుగు గదులకే కేటాయించారు, లాజికల్‌వి ఐదు నుంచి మొదలవుతాయి. ఇక సెక్టార్ నంబరుకు 32 బిట్లే ఇచ్చారు. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 2 టీబీ దగ్గర ఆగిపోతుంది. 4 టీబీ డిస్క్ కొని ఎంబీఆర్ పెడితే సగం కనబడదు.

కొత్త పట్టిక జీపీటీ. కంప్యూటర్‌ను లేపే కొత్త తరం ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) యూఈఎఫ్ఐతో పాటు వచ్చింది. సెక్టార్ నంబరుకు 64 బిట్లు, మామూలుగా 128 పార్టిషన్లకు చోటు. నాకు అన్నిటికంటే నచ్చేది ఏంటంటే, పట్టికకు రెండో కాపీ డిస్క్ చివర్లో ఉంటుంది, రెండింటికీ చెక్‌సమ్ (పాడైందో లేదో చెప్పే లెక్క) ఉంటుంది. మొదటిది పాడైతే రెండోదాంతో నిలబెట్టుకోవచ్చు. విండోస్ 11కు యూఈఎఫ్ఐ తప్పనిసరి కాబట్టి కొత్త కంప్యూటర్లన్నిటిలో జీపీటీయే. మీరు ఎంబీఆర్‌ను ఎంచుకోవాల్సిన పరిస్థితి ఈ హాల్లో ఎవరికీ లేదు.

సరే, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. విండోస్‌లోనే ఉండండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ ఉన్నది ఉన్నట్టు కాగితం మీద గీయండి, సైజులతో సహా.

మొదట ఒక చిన్న ముక్క ఉంటుంది, 100 ఎంబీ లేదా 260 ఎంబీ. అది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు మొదట చదివేది దీన్నే. ఇందులో ఫ్యాట్32 ఉంటుంది, ఎందుకంటే మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌కు ఎన్‌టీఎఫ్ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లాంటివి చదవడం రావాలని నియమం లేదు. లోపల మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది. ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేస్తే పక్కన ఉబుంటు ఫోల్డర్ చేరుతుంది. ఇద్దరూ ఒకే ముక్కలో పక్కపక్కనే ఉండగలరు. దాన్ని ఫార్మాట్ చేయకూడదు. మళ్లీ చెబుతున్నాను, మాన్యువల్‌గా పార్టిషన్లు చేసేవాళ్లు ఈఎఫ్ఐ పార్టిషన్ పక్కన ఫార్మాట్ టిక్ ఉంటే తీసేయండి. అది ఫార్మాట్ అయితే విండోస్ ఫైళ్లన్నీ డిస్క్ మీదే ఉంటాయి గానీ విండోస్ లేవదు.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించని ముక్క ఇంకోటి ఉంటుంది. ఎంఎస్ఆర్, అంటే మైక్రోసాఫ్ట్ తన కోసం రిజర్వు చేసుకున్న ముక్క, 16 ఎంబీ. లినక్స్ ఇన్‌స్టాలర్‌లో కనిపిస్తుంది. ఇదేంటి పనికిరాని ముక్క అని తీసేయకండి. తర్వాత సీ. చివర్లో రికవరీ, విండోస్ చెడితే బాగుచేసే సాధనాలు ఉండే ముక్క.

ఆ రికవరీ ముక్క గురించి ఒక సంగతి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది, కేబీ 5034441. అది ఎక్కాలంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలామందికి అంత ఖాళీ లేదు. అప్‌డేట్ ఫెయిల్ అవుతూనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో సీ డ్రైవ్‌ను కొంచెం తగ్గించి, రికవరీ పార్టిషన్‌ను తీసేసి పెద్దదిగా మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్ట్ సూచనలు ఇచ్చింది. ఏ కమాండూ తెలియని మామూలు మనుషులకు ఎంత టెన్షనో ఆలోచించండి. ఎప్పుడో ఇన్‌స్టాల్ రోజున పడిన ఒక చిన్న సైజు ఇన్నేళ్ల తర్వాత వాళ్లకు అడ్డం పడింది. కాగితం మీద సైజులు రాయమంటున్నది అందుకే.

(సభలో ఒక విద్యార్థి: సార్, నా దాంట్లో 512 జీబీ అని కొన్నాం, 476 జీబీయే చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారా?)

లేదు బాబూ. డిస్క్ తయారు చేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి లెక్కిస్తుంది. 512 అక్కడ 476 పైచిలుకు అవుతుంది. 1 టీబీ కొన్నవాళ్లకు 931 కనిపిస్తుంది. నువ్వు అడగడం మంచిదైంది, ఎందుకంటే ఈ తేడా ఈ రోజు పనిలో అడ్డం వస్తుంది. విండోస్‌లో మీరు 100 జీబీ ఖాళీ చేస్తే, లినక్స్‌లో చాలా టూల్స్ దాన్ని 107 జీబీగా చూపిస్తాయి. ఇది నేను వదిలిన ఖాళీ కాదేమో అని పక్క పార్టిషన్ ఎంచుకునే ప్రమాదం ఉంది. కాగితం మీద రెండు సైజులూ రాసుకోండి.

ఇప్పుడు హద్దు జరిపే ముందు చేయాల్సిన పనులు. మొదటిది బ్యాకప్, దాని గురించి మళ్లీ చెప్పను. రెండోది బిట్‌లాకర్, డిస్క్‌కు తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ మెషీన్లకు వర్తిస్తోంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే లేవనిచ్చే ఏర్పాటు) సెట్టింగ్ మార్చినా, బూట్ వరుస మారినా, తర్వాతిసారి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకపోతే మీ సొంత డేటా మీకే తెరుచుకోదు. ఏ రిపేర్ షాపూ తెరవలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్‌లో లాగిన్ అయి ఆ 48 అంకెలూ ఇప్పుడే ఈ కాగితం వెనక రాసుకోండి. అకౌంట్ నాన్నగారి మెయిల్‌తో తెరిచి ఉంటే ఆయనకు ఫోన్ చేయండి. ఈ పని అయ్యేదాకా ఎదురు చూద్దాం, తొందరేం లేదు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ షట్‌డౌన్ చేసినప్పుడు పూర్తిగా ఆగదు, సగం స్థితిని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి సీ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైల్ సిస్టమ్ పాడయ్యే అవకాశం ఉంది. పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేయండి.

ఇక సీ డ్రైవ్‌ను తగ్గించే పని విండోస్‌లోనే చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ వాల్యూమ్ ఉంటుంది. తన ఫైళ్లను తాను జరుపుకోవడం విండోస్‌కు బాగా తెలుసు. అక్కడ సైజు ఎంబీల్లో అడుగుతుంది, 100 జీబీ కావాలంటే 1,02,400 అని కొట్టండి. కొందరికి 200 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీయే తగ్గించగలను అంటుంది. హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు లాంటి కదలని ఫైళ్లు మధ్యలో కూర్చుని ఉంటాయి. వాటిని తాత్కాలికంగా ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. తగ్గించాక వచ్చిన ఖాళీలో విండోస్‌లో ఏ డ్రైవూ చేయకండి. అన్‌అలొకేటెడ్‌గానే వదిలేయండి.

ఎంత తగ్గించాలి? ఉబుంటు డెస్క్‌టాప్‌కు కనీసం 25 జీబీ అని రాసి ఉంటుంది. ఆ కనీసాన్ని నమ్మకండి. మీరు ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) ఇమేజ్‌లు రూట్ పార్టిషన్‌లోకే, అంటే లినక్స్ ఉండే ముఖ్య ముక్కలోకే, వెళతాయి, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ పద్ధతుల్లో వేసుకునే యాప్‌లు కూడా అక్కడే. 30 జీబీ ఇస్తే సెమిస్టర్ మధ్యలో నిండిపోతుంది. రూట్ నిండిన లినక్స్‌లో కొన్నిసార్లు లాగిన్ స్క్రీన్ కూడా దాటలేరు. 512 జీబీ ఉన్నవాళ్లు లినక్స్‌కు 100 జీబీ ఇవ్వండి. 256 జీబీ ఉన్నవాళ్లు 60 జీబీ. విండోస్‌కు కూడా ఊపిరి ఆడాలి కదా, దాని పెద్ద అప్‌డేట్లకు చోటు కావాలి.

లినక్స్‌లో మళ్లీ ముక్కలు కావాలా? మీ సొంత ఫైళ్లుండే హోమ్‌ను వేరుగా పెట్టమని పాత గైడ్‌లన్నీ చెబుతాయి. దీనికి నిజమైన కారణం ఉంది: ఉబుంటు తీసేసి రేపు డెబియన్ అనే ఇంకో లినక్స్ వేసుకున్నా మీ ఫైళ్లు అలాగే ఉంటాయి. కానీ ధర కూడా ఉంది. 100 జీబీని 40, 60గా విడగొడితే ఒకవైపు నిండి, ఇంకోవైపు ఖాళీగా పడి ఉండే రోజు వస్తుంది. 100 జీబీకి తక్కువ ఉన్నవాళ్లు ఒకే పార్టిషన్ పెట్టుకోండి అని నా మాట. డిస్ట్రోలు, అంటే లినక్స్ రకాలు, తరచూ మార్చి చూసే ఆసక్తి ఉన్నవాళ్లు వేరు చేసుకోండి. ఫెడోరా అనే డిస్ట్రో 2020లో 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌కు బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఇస్తోంది. అందులో రూట్, హోమ్ వేర్వేరు సబ్‌వాల్యూమ్‌లు, ఖాళీ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఆ పద్ధతి నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. ఈ చర్చే అవసరం లేకుండా చేసింది.

స్వాప్ పార్టిషన్ గురించి క్లుప్తంగా. ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటే స్వాప్. ర్యామ్‌కు రెట్టింపు స్వాప్ అనేది ర్యామ్ తక్కువగా ఉన్న రోజుల లెక్క. ఉబుంటు 17.04 నుంచి మామూలుగా స్వాప్ ఫైల్ వాడుతోంది. వేరే పార్టిషన్ అక్కర్లేదు. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో దాచి ఆగడం) వాడాలనుకునేవాళ్లకు మాత్రం ర్యామ్ అంత స్వాప్ కావాలి.

(ఇంకొక విద్యార్థిని: సార్, ఒకవేళ పొరపాటున పార్టిషన్ డిలీట్ అయితే రికవర్ చేసుకోవచ్చు కదా?)

డిలీట్‌కీ ఫార్మాట్‌కీ తేడా ఉందమ్మా. డిలీట్ చేస్తే పట్టికలో వరుస మాత్రమే పోతుంది. ఆ క్షణం నుంచి డిస్క్‌ను ముట్టకుండా ఉంటే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలాసార్లు హద్దులు వెతికి మళ్లీ రాసిపెడుతుంది. కాబట్టి తప్పు జరిగిందని అనిపిస్తే ఏదీ నొక్కకండి, చేయి ఎత్తండి. ఫార్మాట్ సంగతి వేరు. పాత హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ తర్వాత కూడా ఫైళ్లు తవ్వి తీసేవాళ్లు. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ చేయగానే, ఇక్కడ ఏమీ లేదు, ఈ బ్లాక్‌లు నీ ఇష్టం అని ఓఎస్ డిస్క్‌కు చెబుతుంది. దాన్ని ట్రిమ్ అంటారు. ఆ తర్వాత దాదాపు ఏమీ తిరిగి రాదు. సీనియర్లు మేం రికవర్ చేశాం అని చెబితే అది ఏ డిస్క్ అని అడగండి.

కొందరికి ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనిపించకపోవచ్చు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే మోడ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి, వెళ్లి ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మార్చమని వీడియోల్లో చెబుతారు. నేరుగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, తర్వాత మార్చాలి. ఈ సమస్య వచ్చినవాళ్లు సొంతంగా చేయకండి, మా వలంటీర్లు పక్కన ఉంటారు.

ఇంట్లో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఎస్ఎస్‌డీ ఒకటి, పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి ఉంటే, ఓఎస్ వేసేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ తీసేయండి. విండోస్ సెటప్ కొన్నిసార్లు సీ డ్రైవ్‌ను ఎస్ఎస్‌డీలో పెట్టి, బూట్ ఫైళ్లను ఇంకో డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెడుతుంది. రేపు ఆ హార్డ్ డిస్క్ పాడై తీసేస్తే విండోస్ లేవదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కేబుల్ తీస్తే పొరపాటున వేరే డిస్క్ ఫార్మాట్ చేసే అవకాశం కూడా ఉండదు.

లినక్స్ వేసి రీస్టార్ట్ చేశాక బూట్ మెనూలో విండోస్ కనిపించకపోతే విండోస్ పోయిందని భయపడకండి. ఆ మెనూ చూపించే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌లో 2.06 వెర్షన్ నుంచి పక్క ఓఎస్‌లను వెతికే పనిని మొదట్లో ఆపేసి ఉంచుతున్నారు. సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక వరుస మార్చి, గ్రబ్ అప్‌డేట్ చేస్తే కనిపిస్తుంది. అంతవరకూ బయోస్ బూట్ మెనూ నుంచి విండోస్‌లోకి వెళ్లొచ్చు.

ఇప్పుడు బ్యాకప్ అయి, రికవరీ కీ రాసుకుని, కాగితం మీద పాత బొమ్మ, కొత్త బొమ్మ రెండూ గీసుకున్నవాళ్లు కిటికీ వైపు బల్లల దగ్గరకు వెళ్లండి. ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఇన్‌స్టాలర్ ఏమేం మార్చబోతోందో జాబితా చూపిస్తుంది. ఆ జాబితాను మీ కాగితంతో పోల్చి వలంటీర్‌కు చూపించాకే ముందుకెళ్లండి. కీ ఇంకా దొరకనివాళ్లు ఇక్కడే కూర్చోండి, మనం కలిసి వెతుకుదాం.